కిరణం దాటే పక్షి

కొండ మీద, కంట్రోలు గది
పొద్దున

మరదలు పిల్లకి,

నీ ఉత్తరం పడవ దిగి, బస్సెక్కి, కొండెక్కి నా చేతికి వచ్చేసరికి మూలలన్నీ ఉప్పుగాలికి బిరుసెక్కి ఉన్నాయి. ఫోన్ ఉండగా ఈ రాతలేమిటని మీ అన్నయ్య ఒకటే వెక్కిరింపు. మీ దీవికి ఫోన్ చేస్తే మూడు ముక్కలు వినపడతాయి, నాలుగోది గాలి ఎత్తుకుపోతుంది. ఆ సంగతి ఆయనకేం తెలుసు? చెల్లెలితో ఆయన మాట్లాడేది ఎటూ మూడు ముక్కలే.

నేనిక్కడ చేసేదేమిటో మీ ఆయనకి, అదే మా తమ్ముడికి, అర్థమయ్యేలా రాయమన్నావు కదా, విను. ఈ కొండ మీద మా వంటింటి తలుపంత కటకం ఉంది. దాని వెనక ఉన్న యంత్రం కరెంటుని వెలుగుగా మారుస్తుంది. ఆ వెలుగు ఒక్క కిరణమై, సముద్రం మీదుగా వచ్చి, మీ గుట్ట మీద నువ్వు తుడిచే నల్లటి పలకల మీద వాలుతుంది. ఆ పలకలు దాన్ని మళ్లీ కరెంటు చేస్తాయి. తీగ లేదు, స్తంభం లేదు. మీ వీధి దీపాలు, ఆసుపత్రి ఫ్రిజ్, మా తమ్ముడు పడవలు బాగుచేసే మిషన్లు అన్నీ ఆ కిరణం మీదే నడుస్తున్నాయి.

ఇందులో నాకు ఒక్కటే బాధ. అది కంటికి కనిపించని వెలుగు. సినిమా హాలు మూసేసేదాకా ప్రొజెక్టర్ నడిపినదాన్ని కదా నేను. అక్కడ వెలుగు నా భుజం మీదుగా వెళ్లేది. అందులో దుమ్ము తేలుతూ మెరిసేది. జనం నవ్వితే ఆ దుమ్ము కూడా కదిలినట్టుండేది. ఇక్కడ రోజంతా పంపుతాను, పంపినట్టు తెర మీద అంకెలు చూసి నమ్మాలి. అయినా ఈ కుర్చీ అంటే నాకెంత ఇష్టమో చెప్పలేను. హాలు పోయాక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో నేనెలా ఉండేదాన్నో నువ్వు చూశావు.

ఒక జాగ్రత్త. ఆ కిరణం చుట్టూ సన్నటి కావలి కిరణాలు ఉంటాయి. పక్షి గానీ, తెరచాప గానీ కావలిని తాకితే చాలు, పెద్ద కిరణం రెప్పపాటులో ఆగిపోతుంది. నా బల్ల మీద గంట టింగుమంటుంది. దారి ఖాళీ అయ్యాక మళ్లీ మొదలవుతుంది. అందుకని భయం లేదు. కానీ తుడిచేటప్పుడు వాళ్లిచ్చిన కళ్లజోడు పెట్టుకో, కర్ర పైకెత్తకు.

మీ వదిన


దీవి, గుట్ట కింద ఇల్లు
పడవ వచ్చే రోజు

వదినా,

నీ ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. అంతా విని, "అంటే మీ వదిన అద్దంలో ఎండ పట్టి మన మీదకి కొడుతోందన్నమాట," అన్నాడు. అంతకన్నా ఎక్కువ నేనూ చెప్పలేను.

పాత జనరేటర్ని పడవెక్కించి పంపేశాక దీవి ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది. ఇన్నేళ్లూ అది డబడబమంటుంటే అందరం అరుచుకుంటూ మాట్లాడుకున్నాం. ఇప్పుడూ అలవాటు చొప్పున అరుస్తున్నాం. అరిచాక ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకుంటున్నాం. సాయంత్రం వీధి దీపాలు వెలిగేటప్పుడు చప్పుడే ఉండదు. మేఘం మీంచి ఎవరో దించినట్టు వెలుగు దిగుతుంది. పక్కింటి ముసలాయన రోజూ గుమ్మంలో కూర్చుని, "వినపడుతోందా?" అంటాడు. "ఏమిటి తాతా?" అంటే, "సముద్రం," అంటాడు. ఆయన పుట్టి పెరిగింది ఇక్కడే!

అసలు సంగతి చెప్తాను, తిట్టకు. నిన్న సాయంత్రం పలకల మీద ఉప్పు తుడుస్తుంటే చెయ్యి తిమ్మిరెక్కి కర్ర పైకి లేచింది. దాని కొస కావలిని తాకినట్టుంది, పలకల పక్కన ఎర్రదీపం ఒక్కసారి వెలిగి ఆరింది. కర్ర కింద పడేశాను. తర్వాత ఆలోచిస్తే నవ్వొచ్చింది. అంత దూరాన, నీ బల్ల మీద, టింగుమని ఉంటుంది కదా! నేను ముట్టుకున్నది నీకు తెలిసి ఉంటుంది కదా!

ఇవాళ కూడా ఎత్తాను. తిమ్మిరేమీ లేదు.

నీ మరదలు


కొండ మీద, కంట్రోలు గది
మధ్యాహ్నం, టీ చల్లారిపోయాక

ఓసి పిచ్చిమొహమా,

మొదటి రోజు ఆ గంటకి కుర్చీలోంచి లేచిపోయాను. రెండో రోజు అదే వేళకి మళ్లీ మోగేసరికి అనుమానం వచ్చింది. నీ ఉత్తరం చదివాక మాత్రం ఇక్కడ అందరూ నా వంక చూసేలా నవ్వాను. కావాలని కావలిని తాకితే నీ పనీ ఊడుతుంది, నా పనీ ఊడుతుంది. రాసుకున్న నియమాల్లో అదే మొట్టమొదటిది. బుద్ధి ఉందా నీకు?

రేపు కూడా ఎత్తు.

ఏం చెయ్యను? ఇన్నాళ్లూ నేను పంపేది ఎక్కడికో పోతోందనిపించేది. ఇప్పుడు దీపాలవేళ దాని అవతలి కొసని నువ్వు పట్టుకుని ఒకసారి కదిపినట్టుంటోంది. ఇంట్లో ఉన్నప్పుడు తెర చాటు నుంచి నా చీర కొంగు లాగి పారిపోయేదానివి, అచ్చం అలాగే. గంట మోగగానే మనసులో "ఆఁ, ఉన్నాను," అంటాను. పైకి అంటే పిచ్చిదనుకుంటారు.

రాత్రి ఒక కల వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని కిరణం మీద నడుస్తున్నాను. కాళ్ల కింద వెచ్చగా ఉంది. కింద సముద్రంలో చేపలన్నీ తలెత్తి నన్నే చూస్తున్నాయి. సగం దూరం వచ్చాక మీ అన్నయ్య వెనక నుంచి, "తాళాలెక్కడ పెట్టావే!" అని కేకేశాడు. మెలకువ వచ్చేసింది. కల్లో కూడా వదలడు మనిషి.

మీ వదిన


దీవి
చిన్న వాన తర్వాత

వదినా,

నీకొక్కదానికే చెప్తున్నాను. అన్నయ్యకి కూడా చెప్పకు.

నాకు మూడో నెల దాటింది.

రెండుసార్లు అందరికీ చెప్పుకున్నాను. రెండుసార్లూ కడుపు నిలవలేదు, అందరూ వచ్చి నా పక్కన కూర్చుని, చేతులు చూసుకుని వెళ్లిపోయారు. ఈసారి ఎవరినీ అలా కూర్చోబెట్టదలచుకోలేదు. మీ తమ్ముడికి తెలుసు. ఆయన మాట్లాడటం మానేసి నవ్వుతూ తిరుగుతున్నాడు. ఎవరో పడవంతా నీలం వేయమంటే ఆకుపచ్చ వేసి ఇచ్చాడట.

పని మానెయ్యమని అంటావేమో. తుడవడం బరువు పనేమీ కాదు, ఆసుపత్రి డాక్టరమ్మ కూడా సరేనంది. పైగా నాకు గుట్ట ఎక్కడమే ఇష్టంగా ఉంది. పలకల ముందు నిలబడితే వాటి లోంచి సన్నటి వేడి వస్తుంది. అది నువ్వు పంపిందే. అరచెయ్యి పలక అంచున పెట్టి, ఆ చెయ్యే కడుపు మీద పెట్టుకుంటాను. "మీ అత్తయ్య పంపింది," అని చెప్తాను. వింటోందో లేదో. ఈ మధ్య నేను నడుస్తున్నట్టు ఉండదు, నీళ్లలో తేలుతున్నట్టు ఉంటుంది. వీధి చివర ఇళ్లు కూడా తేలుతున్నాయనిపిస్తుంది.

భయం లేదని అబద్ధం రాయను. చాలా భయంగా ఉంది.

నీ మరదలు


కొండ మీద
సెలవు రోజు, అయినా వచ్చాను

నా బంగారుతల్లీ,

నీ ఉత్తరం పట్టుకుని కటకం వెనక మెట్ల మీద కూర్చుని కరువుతీరా ఏడ్చాను. కింద నుంచి వచ్చిన పెద్దసారు చూసి ఇంట్లో ఎవరికైనా బాగాలేదా అన్నారు. అందరూ బాగున్నారు సార్ అంటే నమ్మలేదు. మీ అన్నయ్యకి చెప్పలేదు. కడుపులో దాచుకోలేక ఉబ్బిపోతున్నాను, అది వేరే సంగతి.

ఎక్కువ బరువులెత్తకు. కర్ర మాత్రం ఎత్తు. ఇప్పుడు ఆ గంట మోగితే నాకు రెండు సంగతులు తెలుస్తాయి.

మొన్న ఒక చిక్కు వచ్చిపడింది. పెద్దసారు అంకెలన్నీ చూసి, "రోజూ సాయంత్రం ఒకే వేళకి కిరణం ఎందుకమ్మా తెగుతోంది?" అన్నారు. నోటికొచ్చింది అనేశాను. "ఏదో పక్షి సార్. గూటికి పోయే వేళ కదా," అన్నాను. ఆయన మొహం వెలిగిపోయింది. పక్షులంటే ఆయనకి మహా ప్రేమ! దాంతో బతికిపోయాను. ఇకనుంచి నువ్వు పక్షివి. తెలిసిందా?

మీ వదిన


దీవి
పడవ ఆలస్యమైన రోజు

వదినా,

నీ పక్షిని చూడటానికి ఒకావిడ వచ్చింది!

మీ పెద్దసారు ఎవరికో ఉత్తరం రాశాడట. ఆవిడ పక్షుల శాఖలో పెద్ద ఉద్యోగిని. మెడలో దుర్భిణి, బూట్ల నిండా బురద, గుసగుసగా తప్ప మాట్లాడదు. రోజూ నా పక్కనే మడత కుర్చీ వేసుకుని సాయంత్రమంతా ఆకాశం వంక చూస్తుంది. ఆవిడ పక్కనుండగా కర్ర ఎలా ఎత్తను? దించుకునే కూర్చుంటున్నాను. నీ బల్ల మీద గంట మోగక నువ్వు కంగారుపడతావేమోనని నా కంగారు.

నాకు నడుం నొప్పని తెలిసి తన కుర్చీ మెత్త నాకిచ్చి, తను రాయి మీద కూర్చుంది. మంచి మనిషి వదినా, అదే వచ్చిన బాధ. ఇంత కచ్చితంగా వేళ పాటించే సముద్రపక్షిని తన జన్మలో వినలేదట. చూడకుండానే బొమ్మ గీసింది. పొడుగు రెక్కలు, బూడిదరంగు మెడ. "ఇలాగే ఉండి ఉండాలి," అని నాకు చూపించింది. నేను అవునన్నట్టు తలూపాను. నవ్వు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకోవాల్సి వచ్చింది. లోపల పిల్ల కూడా కదిలింది. అది మొదటి కదలిక. చూడు, ఎప్పుడు కదిలిందో!

నిన్న వెళ్లిపోతూ మాత్రం దిగులుగా అంది. పక్షి రావడం మానేసిందంటే కిరణానికి బెదిరిపోయిందనే అర్థమట. గూడు కట్టే కాలం కాబట్టి ఏదైనా చెయ్యాలంది.

నీ మరదలు


కొండ మీద
చలిగాలి మొదలైంది

మరదలు పిల్లకి,

ఈ ఉత్తరం కన్నా ముందే మీ దీవికి నోటీసు వచ్చి ఉంటుంది. గూడు కట్టే కాలం అయిపోయేదాకా, ఈ చలికాలమంతా, పొద్దుగూకింది మొదలు తెల్లవారేదాకా కిరణం ఆపాలని పక్షుల శాఖ ఆజ్ఞ. పగలు బ్యాటరీలు నిండితే రాత్రికి దీపాలకి సరిపోతుందని లెక్క కట్టారు.

నవ్వులాటకి అన్న మాట ఎక్కడికి పోయిందో చూశావా? వెళ్లి నిజం చెప్పేద్దామని పెద్దసారు గది దాకా నడిచాను. తలుపు మీద చెయ్యి పెట్టి, తీసేశాను. చెప్తే ఆ సాయంత్రానికే ఈ కుర్చీ ఉండదు. నీ పనీ పోతుంది. నువ్వున్న స్థితిలో అది మంచిది కాదని నాకు నేను చెప్పుకున్నాను. నిజంగా నీ కోసమే అనుకున్నానో, కుర్చీ కోసమో తెలియదు.

నువ్వేమంటావో రాయి. నువ్వు చెప్పమంటే చెప్పేస్తాను.

మీ వదిన


దీవి
దీపం తగ్గించి రాస్తున్నాను

వదినా,

నువ్వేమీ చెప్పకు. ఒక్క చలికాలమే కదా. బ్యాటరీలు దీపాలకి చక్కగా సరిపోతున్నాయి. అర్ధరాత్రి దాటాక వీధి దీపాలు ఆపేస్తున్నారు, అప్పుడు చుక్కలు గుట్ట మీదికి దిగివచ్చినట్టు ఉంటాయి. పక్కింటి తాతకి అది కూడా నచ్చింది. ఆయనకి నచ్చనిదేమీ లేదు.

హాలు మూసేసినప్పుడు నువ్వు తల దువ్వుకోవడం మానేశావు, నాకు గుర్తుంది. నీ జుట్టుకి నూనె రాస్తే నువ్వు గోడ వంక చూస్తూ కూర్చునేదానివి. ఆ కుర్చీలోంచి లేవకు. నేను కులాసాగా ఉన్నాను. డాక్టరమ్మ కూడా అంతా బాగుందనే అంటోంది.

నీ మరదలు


దీవి, ఆసుపత్రి
ఏ వారమో గుర్తు లేదు

వదినా,

ఆడపిల్ల. చాలా ముందే వచ్చేసింది. బతికే ఉంది.

నీకు అబద్ధం రాశాను. ముందే రావచ్చని డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. చెప్తే నువ్వు కుర్చీ వదులుకుని పరుగెత్తి నిజం చెప్పేస్తావని దాచాను. అప్పటికి నాకు ఈ గాజుపెట్టె సంగతి, దానికి రాత్రంతా కరెంటు కావాలన్న సంగతి తెలియదు.

నెల తక్కువ పిల్లలని వెచ్చగా ఉంచే గాజుపెట్టె ఇక్కడ ఒక్కటే ఉంది. అది కరెంటు గటగటా తాగేస్తుంది. దీవిలో దీపాలన్నీ ఆపేసుకుని బ్యాటరీ అంతా దానికే ఇచ్చారు. అయినా తెల్లవారకముందే ఆరిపోతోంది. ఆరగానే పిల్లని తీసి నా గుండెల మీద పెట్టుకుంటాను. నాకు వణుకొస్తే మీ తమ్ముడు చొక్కా విప్పి తన గుండెల మీద పెట్టుకుంటాడు. వేడినీళ్ల సీసాలు చుట్టూ పేరుస్తాం. నిన్న తెల్లవారుజామున దాని పెదవులు నీలంగా అయ్యాయి. డాక్టరమ్మ దాని పాదాలు అరచేతుల్లో పెట్టుకుని రుద్దింది. ఇలా చాలా రాత్రులు గడవవని ఆవిడ మొహం చూస్తే తెలుస్తోంది.

గుప్పెడంత ఉంది. అందరూ దాన్ని "పిట్ట" అంటున్నారు.

పడవ వెళ్లిపోతోంది. ఇంకేమీ రాయలేను.

నీ మరదలు


ఇంటి నుంచి
నీ ఉత్తరం అందిన రోజే

తల్లీ,

నీ ఉత్తరం కటకం వెనక మెట్ల మీదే చదివాను. లేని పక్షి కోసం ఉన్న పిట్టని చలిలో పడేశాను.

పెద్దసారు గదికి పరుగెత్తాను. పక్షులావిడ కూడా అక్కడే ఉంది. పిల్ల సంగతి చెప్పాను. పెద్దసారు కంగారుపడిపోయి, వచ్చే వారం పడవకి జనరేటర్ పంపిద్దామన్నారు. ఆజ్ఞ పక్షుల శాఖది, తన చేతిలో లేదన్నారు. వారం అనేసరికి నాకిక ఏమీ మిగల్లేదు. "పక్షి లేదు సార్. ఎప్పుడూ లేదు. నేనే మా మరదల్ని రోజూ కర్ర ఎత్తమన్నాను. తను బాగుందో లేదో తెలుసుకోవాలని నేనే అడిగాను. మీకు అబద్ధం చెప్పాను," అన్నాను. నువ్వు మొదలుపెట్టిన సంగతి చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

నీకు రాయని మాట ఒకటుంది. ఆజ్ఞ రాకముందు పక్షులావిడ నా దగ్గరికి వచ్చి, "మీరు కళ్లారా చూశారా?" అని అడిగింది. అప్పుడు లేదంటే అయిపోయేది. "లీలగా చూశానండి," అన్నాను. "రెక్కలు పొడుగే కదూ?" అంది. "పొడుగేనండి," అన్నాను. నువ్వు నా కోసం దాచావు. నేను నా కోసమే దాచాను.

నిజం చెప్పాక ఆవిడ నన్ను తిట్టలేదు. "ఒక్కసారైనా నిజం పక్షి రాలేదా?" అంది. లేదన్నాను. ఆజ్ఞ కాగితం తీసుకుని నిలబడే కొట్టివేసి సంతకం చేసింది. ఆ తర్వాత కిటికీ దగ్గరికి వెళ్లి అటు తిరిగి నిలబడింది. ఆవిడ భుజాలు చూస్తే నాకు తల ఎత్తాలనిపించలేదు.

కిరణం ఆ నిమిషమే మొదలుపెట్టారు. ఆ మీట నొక్కింది నేను కాదు. నన్ను ఇంటికి వెళ్లిపొమ్మన్నారు. రేపటి నుంచి రావద్దన్నారు. నీ పని మాత్రం ఉంచుతామన్నారు.

మీ అన్నయ్యకి అంతా చెప్పాను. వచ్చి పక్కన కూర్చున్నాడు. కాసేపయ్యాక దువ్వెన తెచ్చి నా చేతికిచ్చాడు.

పిల్ల ఎలా ఉంది? నేను అడగచ్చో లేదో కూడా తెలియదు.

మీ వదిన


దీవి, ఇల్లు
ఎండ బాగా కాస్తోంది

వదినా,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాయలేదు. పడవలు వచ్చాయి, వెళ్లాయి. రాయబుద్ధి కాలేదు. నాకు కోపం వచ్చింది. నీ మీద వచ్చింది, నా మీదా వచ్చింది, ఆ కర్ర మీద కూడా వచ్చింది. "లీలగా చూశానండి" అన్న మాట దగ్గర ఉత్తరం విసిరికొట్టాను. మీ తమ్ముడు ఏరి తెచ్చి అలమరలో పెట్టాడు.

నువ్వు నిజం చెప్పిన సాయంత్రం మేం ఎప్పటిలాగే సీసాలు సిద్ధం చేసుకుని కూర్చున్నాం. చీకటి పడింది. పెట్టె ఆరలేదు. ఇంకా చీకటి పడింది. ఆరలేదు. డాక్టరమ్మ మీటరు చూసి, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూసింది. బయట వీధి దీపాలు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతూ వచ్చాయి. తెల్లవారేదాకా పెట్టె వెచ్చగానే ఉంది, పిల్ల వేళ్లు ఎర్రగా ఉన్నాయి. నేను చాలా రాత్రుల తర్వాత మొదటిసారి నిద్రపోయాను. నిద్రలో నువ్వు ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నావనుకున్నాను. తర్వాత పడవలో నీ ఉత్తరం వచ్చింది.

పక్షులావిడ కూడా ఒకసారి వచ్చింది. గాజు మీదకి వంగి పిల్లని చాలాసేపు చూసి వెళ్లింది. దుర్భిణి తీసుకురాలేదు.

ఇవాళ పొద్దున డాక్టరమ్మ పెట్టె ఆపేసింది. ఇక అక్కర్లేదట, ఒంటి వేడిని పిల్లే నిలబెట్టుకుంటోందట. ఎత్తి నా ఒళ్లో పెట్టింది. బ్యాటరీ లేదు, సీసాలు లేవు, ఎవరి వెలుగూ లేదు, అయినా వెచ్చగా ఉంది వదినా. మెడ కింద మరీ వెచ్చగా ఉంది. అక్కడ వేలు పెట్టి ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. ఎప్పుడు పోయిందో కోపం పోయింది.

దీన్ని బతికించింది నువ్వు పంపిన వెలుగు, నువ్వు పోగొట్టుకున్న కుర్చీ. అవి దీన్ని ఎలా కాపాడాయో నీకు కనిపించలేదు. ఈ వేడిని మాత్రం నేను ఏ కిరణం మీదా అక్కడికి పంపలేను. శనివారం పడవకి బయలుదేరు. అన్నయ్యకి ఉతికిన చొక్కా వేయించి తీసుకురా. నువ్వు చేతులు కడుక్కుని తిన్నగా నా దగ్గరికి వచ్చి కూర్చో.

నీ మరదలు